ఆరువందల కిలోమీటర్లు ఒకెత్తు... ఆఖరి ఏడున్నర ఒకెత్తు

చెన్నై రేవులో దిగిన భారీ యంత్రం హైదరాబాద్ శివారుకు చేరాలంటే ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. నెల్లూరు, ఒంగోలు, అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి... ఈ ఊళ్ల వరసను లోబెడ్ (తట్టు బాగా కిందికి ఉండే ట్రైలర్) డ్రైవర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, తుక్కుగూడ దగ్గర దిగి, శ్రీశైలం రోడ్డు మీదుగా పహాడీషరీఫ్ దాటేవరకూ పెద్దగా మాట్లాడుకోవాల్సింది ఉండదు. అసలు కథ బార్కాస్ దగ్గర మొదలవుతుంది. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్, శాలిబండ. పాతబస్తీ గుండెలోకి పోయే ఈ కొద్దిపాటి దారి కోసమే బండి బయల్దేరక ముందు వారాల తరబడి కొలతలు, కాగితాలు, ఫోన్లు నడుస్తాయి.

గత కొన్నేళ్లలో పాతబస్తీ చుట్టూ వంతెనలు వరసగా లేచాయి. 2021 డిసెంబరులో ఒవైసీ జంక్షన్, 2022 ఏప్రిల్‌లో బహదూర్‌పురా, అదే ఏడాది ఆగస్టులో చాంద్రాయణగుట్ట వంతెన పొడిగింపు, 2025 జనవరి 6న ఆరాంఘర్–జూపార్క్ ఫ్లైఓవర్. ఆఖరిది నాలుగు కిలోమీటర్ల పొడవు, ఆరు వరసల దారి. మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. ప్రారంభోత్సవం రోజున రిబ్బను కత్తిరించిన ఫొటోలు అందరం చూశాం. అర్ధరాత్రి వచ్చి, తెల్లారేసరికి కనపడకుండా పోయిన లోబెడ్లను చూసినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో రావాలి. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. ఈసారి పని చుట్టుపక్కల కాదు, బస్తీ నడిమధ్యలో.

ఏవి నడుస్తాయి, ఏవి ఎక్కుతాయి

రోడ్డు వేసే యంత్రాలన్నీ లోబెడ్ ఎక్కవు. రబ్బరు టైర్ల జేసీబీకి నంబరు ప్లేటు ఉంటుంది, తన కాళ్ల మీద తనే వస్తుంది. ఇనుప డ్రమ్ము రోలర్, గొలుసు చక్రాల ఎక్స్‌కవేటర్, తారు పరిచే పేవర్, పాత తారును గీకేసే మిల్లింగ్ మెషిన్... వీటిని రోడ్డు మీద నడిపితే అటు రోడ్డూ పాడు, ఇటు యంత్రమూ పాడు. అందుకే లోబెడ్. వీటిలో చాలావరకు బరువు పాతిక ముప్పై టన్నుల లోపే ఉంటుంది కాబట్టి తిప్పలు తక్కువ. మిల్లింగ్ మెషిన్ల వెడల్పును లారీ వెడల్పుకు సరిపడేలానే తయారు చేస్తారు.

తలనొప్పి పైలింగ్ రిగ్గుతో వస్తుంది. వంతెన స్తంభం కోసం భూమిలోకి బొరియ తవ్వే యంత్రం ఇది. పెద్ద రకాలు అరవై, డెబ్బై టన్నులు తూగుతాయి. నిలబడి ఉన్నప్పుడు ఐదారంతస్తుల మేడంత ఎత్తు. పైకి లేచి ఉండే మాస్ట్‌ను మడిచి పడుకోబెట్టినా మూడున్నర మీటర్ల దాకా లేస్తుంది. కింద లోబెడ్ తట్టు ఇంకో మీటరు. మొత్తం నాలుగున్నర. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మామూలు సరుకు బండి ఎత్తు 4 మీటర్లు, వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. లాగే బండీ ట్రైలరూ సరుకూ కలిపి బరువు 55 టన్నులు మించకూడదు. 2018 దాకా ఈ పరిమితి 49 టన్నులే. కొలతల్లో ఏది దాటినా ఆ బండి ‘ఓడీసీ’ అవుతుంది. ఆ మూడక్షరాలు ఎర్రరంగుతో రాసిన బోర్డు బండి ముందూ వెనకా వేలాడాలి, అనుమతి కాగితం డ్రైవర్ చేతిలో ఉండాలి.

రేవులో పని ఒక పద్ధతి ప్రకారం సాగిపోతుంది. సొంత చక్రాలో గొలుసులో ఉన్న యంత్రం రో–రో ఓడలో వస్తే ర్యాంపు మీదుగా నడిచి దిగుతుంది. లేకపోతే క్రేన్ దింపుతుంది. కస్టమ్స్, బీమా, సర్వే. ఇక్కడ ఆలస్యమైతే రేవు అద్దె పెరుగుతుందే గానీ ప్రాణాలకేమీ ప్రమాదం లేదు.

వంతెన మీద ఊపిరి బిగబట్టి

బరువు మరీ ఎక్కువైన సరుకుకు మామూలు లోబెడ్ చాలదు. హైడ్రాలిక్ యాక్సిల్ ట్రైలర్ కావాలి. రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయే ట్రైలర్ ఇది. ఒక్కో యాక్సిల్ వరసకు ఎనిమిది టైర్లు. బరువు పెరిగేకొద్దీ వరసలు పెంచుకుంటారు. ప్రతి వరస కిందా హైడ్రాలిక్ సిలిండర్లు ఉంటాయి కాబట్టి గుంటలో ఒక చక్రం దిగినా మిగతావి బరువును పంచుకుంటాయి. ట్రైలర్ తట్టును పైకి లేపవచ్చు, కిందికి దించవచ్చు. తలమీద వైరు ఉంటే దించుతారు, కింద స్పీడ్ బ్రేకరు ఉంటే లేపుతారు. రెండూ ఒకేచోట ఉంటే? పాతబస్తీలో అదే జరుగుతుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు వంతెనల డిజైనుకు ‘స్పెషల్ వెహికల్’ అని ఒక లెక్క పెట్టారు. 25 టన్నుల పుల్లరు (లాగే బండి), వెనక ఒక్కోటి 18 టన్నులు మోసే 20 యాక్సిళ్లు, మొత్తం 385 టన్నులు. ఎంపిక చేసిన దారుల్లో కట్టే కొత్త వంతెనలు దాన్ని మోయగలగాలి. షరతులు కూడా అందులోనే ఉన్నాయి: వేగం గంటకు 5 కిలోమీటర్లు మించకూడదు, బండి వంతెన నడిమధ్య గీత పట్టుకునే పోవాలి, ఆ సమయంలో వంతెన మీద ఇంకే వాహనం ఉండకూడదు. బ్రేకు తొక్కకూడదన్నది డ్రైవర్లు ప్రాణంగా పాటించే నియమం. అంత బరువు ఒక్కసారి ఆగితే ఆ తోపుడంతా స్తంభాల మీద పడుతుంది. వాడపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు ముందొక పైలట్ బండి, వెనకొక పైలట్ బండి, రెండువైపులా ఆపేసిన ట్రాఫిక్, మధ్యలో మనిషి నడకతో పోటీపడుతూ కదిలే ట్రైలర్. వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి. మన దేశంలో హారన్ కొడితే వంతెన తొందరగా దాటుతారని ఒక నమ్మకం.

రైల్వే గేట్లది ఇంకో పేచీ. కరెంటు రైళ్లు నడిచే మార్గంలో లెవెల్ క్రాసింగ్‌కు రెండువైపులా ఇనుప గేజి నిలబెడతారు, ఎత్తు 4.67 మీటర్లు. అది తాకే సరుకైతే రైల్వేవాళ్లను అడిగి కరెంటు ఆపించుకోవాలి. అందుకని గేట్లున్న దారుల జోలికే ఎవరూ పోరు.

మనవాళ్లకు ఇదేమీ కొత్త విద్య కాదు. 2014లో హైదరాబాద్ మెట్రో మొదటి రైలు దక్షిణ కొరియాలోని చాంగ్వాన్ నుంచి ఓడలో చెన్నై రేవుకు చేరి, అక్కణ్నుంచి ట్రైలర్ల మీద ఉప్పల్ డిపోకు వచ్చింది. పట్టాల మీద పరుగెత్తాల్సిన పెట్టెలు అన్ని వందల కిలోమీటర్లు టైర్ల మీద వచ్చాయి.

అంతకన్నా పెద్ద ముచ్చట ట్యాంక్‌బండ్ బుద్ధుడిది. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాయిలో మలిచిన విగ్రహం. మూడువందల టన్నులు దాటిన బరువు. 1988లో దాన్ని నగరానికి తెచ్చిన ట్రైలర్‌కు 192 చక్రాలు. వరసకు ఎనిమిది లెక్కన చూస్తే 24 వరసలు. ఆ రోజుల్లో జనం దారి పొడవునా నిలబడి కొబ్బరికాయలు కొట్టారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అరవై కిలోమీటర్లకు అటూఇటూగా ఉన్న రోడ్డు ప్రయాణం క్షేమంగా ముగిసింది. 1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో బార్జి ఒరిగింది. ఒడ్డు నుంచి చెరువు మధ్యకు, కంటికి కనిపించేంత దూరమే. పలువురు చనిపోయారు. విగ్రహం రెండేళ్లకు పైగా నీటి అడుగునే పడుకుని, 1992 డిసెంబరు 1న చెరువు నడుమ ఉన్న జిబ్రాల్టర్ రాక్ మీద నిలబడింది. భారీ సరుకు మోసేవాళ్ల దగ్గర ఈ ప్రస్తావన తెస్తే వాళ్లు చక్రాల సంఖ్య గురించి మాట్లాడరు. ఆఖరి గజాల గురించే మాట్లాడతారు.

తీగల కింద

పాతబస్తీలోకి ఉత్తరం నుంచి రాలేరు. అఫ్జల్‌గంజ్, నయాపూల్, పత్తర్‌గట్టి మీదుగా వస్తే ఎదురుగా చార్మినార్. దాని చుట్టూ బండ్లు తిరగకుండా పాదచారుల బాట చేశారు. 1578 నాటి పురానాపూల్ మీద కూరగాయల బళ్లు ఉంటాయి. తూర్పున దబీర్‌పురా దర్వాజా. నగరం గోడకు ఉన్న పదమూడు దర్వాజాల్లో ఇదీ పురానాపూల్ దర్వాజా మాత్రమే మిగిలాయి. గుర్రాల కోసం, పల్లకీల కోసం కట్టిన ద్వారంలోంచి లోబెడ్ ఏం పోతుంది? కాబట్టి దక్షిణం నుంచి, చాంద్రాయణగుట్ట మీదుగా రావడమే దారి.

పగలు భారీ వాహనాలకు నగరంలో ప్రవేశం లేదు. రాత్రి బాగా పొద్దుపోయాక ట్రాఫిక్ పోలీసు తోడు రాగా బండి కదులుతుంది. ముందు పోయే బొలేరో బంపరుకు ఒక వెదురుబొంగు నిలువుగా కట్టి ఉంటుంది. సరుకు ఎత్తు కన్నా జానెడు ఎక్కువ. ఆ బొంగు చివర దేన్నైనా తాకిందంటే బండి ఆగాలి. అంతకుముందే ఒకసారి పగటిపూట వచ్చి, మోటార్ సైకిల్ మీద టేపు, బొంగు పట్టుకుని వీధి వీధీ కొలిచి, ఏ స్తంభం దగ్గర ఏ తీగ ఎంత ఎత్తులో ఉందో నోటుబుక్కులో రాసుకుని పోతారు. ఆ లెక్క రాత్రికి పనికొస్తుందన్న హామీ మాత్రం లేదు. సాయంత్రం ఎవరో కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చి ఉంటారు.

వీధికి అడ్డంగా పోయే ఇళ్ల కరెంటు తీగ నేలకు 5.8 మీటర్ల ఎత్తున ఉండాలన్నది నియమం. విద్యుత్ సంస్థ వేసిన తీగ ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటుంది. దాని కిందుగా వేలాడే కేబుల్ టీవీ తీగలు, ఫైబర్ చుట్టలు, జెండా తాళ్లు, ఫ్లెక్సీలు, పెళ్లి పందిరి దీపాల దండలు ఏ లెక్కకూ లొంగవు. కొన్ని కేబుళ్లు చెయ్యెత్తితే అందుతాయి. రిగ్గు మీద ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని ఉంటారు, చేతిలో చివర కొక్కెం లాంటి పంగ ఉన్న ఎండు వెదురు కర్ర. తీగ దగ్గరకు రాగానే పంగతో ఎత్తి పట్టుకుంటారు. కింద నుంచి ఖలాసీ అరుస్తుంటాడు, ‘ఆన్‌దేవ్... ఆన్‌దేవ్... ధీరే, భాయ్... బస్!’ ఎత్తిన తీగ వాళ్ల తలల మీదుగా వెనక్కి జారుతుంది. ఇంకో రెండు మీటర్లకు ఇంకో చుట్ట. ఫలక్‌నుమా దాటాక ఒక వీధి దాటడానికి పట్టే సమయంలో హైవే మీద ఒక జిల్లా దాటేయవచ్చు.

పదకొండు వేల వోల్టుల లైను దగ్గర కర్రలు పనికిరావు. అక్కడ ‘ఎల్సీ’ (లైన్ క్లియర్) తీసుకోవాలి. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫలానా ఫీడరు ఆపమంటాడు, ఆగిందని ధ్రువీకరించుకుంటాడు, బండి దాటాక ఎల్సీ తిరిగి ఇచ్చేస్తాడు. ఆ కాసేపూ బస్తీ మొత్తం చీకటి. ఎండాకాలమైతే ఫ్యాన్లు ఆగిన రెండో నిమిషానికి జనం బాల్కనీల్లోకి వస్తారు. మొదట తిట్లు, తర్వాత వింత, తర్వాత సలహాలు. రివర్స్ ఎలా కొట్టాలో, ఏ వైపు జాగా ఉందో చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. ఆ సలహాల్లో కొన్ని నిజంగానే పనికొస్తాయని ఈ పని చేసేవాళ్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ మలుపులో నీళ్ల ట్యాంకరు రోజూ ఎలా తిరుగుతుందో చూసేది ఆ ఇంటివాళ్లే.

తీగను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో నగరానికి తెలుసు. 2025 ఆగస్టులో బండ్లగూడ దగ్గర ఎత్తైన వినాయక విగ్రహాన్ని తీసుకెళ్తుండగా హైటెన్షన్ తీగ తగిలి ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు. ధూల్‌పేటలో తయారై మండపాలకు వెళ్లే విగ్రహాలూ ఒక రకంగా ఓడీసీలే. కాకపోతే వాటి ముందు వెదురుబొంగు కట్టిన పైలట్ బండి ఉండదు, వాటికోసం ఎవరూ ఎల్సీ తీసుకోరు. యంత్రం విషయంలో కాగితం మీద రాసి పెట్టిన జాగ్రత్త, దేవుడి విషయంలో ఎందుకు అక్కర్లేదనుకున్నామో నాకు అర్థం కాదు.

ఇక కింద. పాతబస్తీ రోడ్ల అడుగున నీటి గొట్టాలు, మురుగు కాల్వలు, ముర్కి నాలా లాంటి పాత నాలాల మీద వేసిన శ్లాబులు. ఏ శ్లాబు ఎప్పటిదో చూడగానే చెప్పలేరు. అనుమానం ఉన్నచోట దళసరి ఇనుప పలకలు పరిచి, వాటి మీదుగా చక్రాలు పోనిస్తారు. స్పీడ్ బ్రేకరు, దానిపైనే కేబుల్ చుట్ట, పక్కనే నాలా శ్లాబు. ఇప్పుడు ట్రైలర్‌ను లేపాలా, దించాలా? దీనికి సూత్రం లేదు. రిమోట్ పట్టుకుని వెనక యాక్సిళ్ల పక్కన నడుస్తున్న ఆపరేటర్ వంగి చూస్తాడు, ముందు డ్రైవర్‌కు వాకీటాకీలో ‘అన్నా, ఆగు’ అంటాడు, ముందటి వరసలు దించి, వెనక వరసలు లేపి, బండిని మెట్టు దిగే మనిషిలా ఒక్కో అడుగు దింపుతాడు. మలుపు దగ్గర ఇంకో విచిత్రం. పుల్లరు ఎడమకు తిరుగుతుంటే వెనక చక్రాలు కుడికి తిరుగుతాయి, ట్రైలర్ తోక పక్కకు జరుగుతుంది. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో అది కానిచ్చేలోగా టీ కొట్టువాడు రెండు పాల ప్యాకెట్లు ఖాళీ చేస్తాడు.

పంచాంగమూ, నెలవంకా

హైవే కాంట్రాక్టర్‌కు రాత్రి అంటే ఖాళీ రోడ్డు. పాతబస్తీలో రాత్రి ఖాళీగా ఉంటుందని ఎవరన్నారు? రంజాన్ నెలంతా చార్మినార్ చుట్టుపక్కల బజారు సహర్ దాకా వెలుగుతూనే ఉంటుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద అలం ఊరేగుతుంది. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలు, హరిబౌలి అక్కన్న మాదన్న గుడి నుంచి ఘటం ఊరేగింపు. భాద్రపదంలో బాలాపూర్ వినాయకుడు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్ మీదుగా ట్యాంక్‌బండ్‌కు కదులుతాడు. లోబెడ్ వచ్చే దారీ ఆయన వచ్చే దారీ ఒకటే. రవాణా తేదీ నిర్ణయించేవాడు అటు పంచాంగం తిరగేయాలి, ఇటు నెలవంక కబురు కనుక్కోవాలి. పండుగ అయిపోయిన మర్నాడు వెళ్దామంటే తోరణాలు ఇంకా దించి ఉండరు.

గల్లీకి తగ్గ యంత్రం

ఇంత తిప్పలు పడి పెద్ద యంత్రాన్నే తేవాలా అని అడగొచ్చు. ఇంజనీర్లూ అదే అడుగుతారు. పాతబస్తీలో పని చేయాలంటే ముందు వీధి వెడల్పు చూసి, తర్వాత యంత్రం ఎంచుకుంటారు. పెద్ద రిగ్గు మాస్ట్‌ను విడిగా, కౌంటర్ వెయిట్లను విడిగా, బాడీని విడిగా మూడు బండ్లలో తెచ్చి అక్కడ బిగిస్తారు. వందల టన్నుల క్రాలర్ క్రేన్ ఎప్పుడూ ముక్కలుగానే వస్తుంది. మెట్రో మొదటి దశలో దారినంతా స్థలంలోనే పోత పోయకుండా ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో సెగ్మెంట్లుగా చేసి, రాత్రిళ్లు ట్రైలర్ల మీద తెచ్చి, పైనుండే లాంచింగ్ గర్డర్‌తో ఒకదానికొకటి అతికించారు. రోడ్డు మీద జాగా తక్కువ కాబట్టి పుట్టిన పద్ధతి అది. డబ్బు ఎక్కువవుతుంది, రాత్రులూ ఎక్కువ పడతాయి. అయినా పాతబస్తీ విషయంలో నా ఓటు దీనికే.

ఎందుకంటే రెండో మార్గం వీధిని యంత్రానికి సరిపడా చేయడం. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా ఇప్పుడున్న రోడ్డు యాభై, అరవై అడుగులు. శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఎనభై. మెట్రో కోసం దీన్ని వంద అడుగులు చేస్తున్నారు, స్టేషన్ల దగ్గర నూట ఇరవై. పోయే ఆస్తులు వందల్లో. పరిహారం గజానికి 81 వేల రూపాయలు. చెక్కుల పంపిణీ 2025 జనవరిలో మొదలైంది. మసీదులు, గుళ్లు, అషుర్‌ఖానాలు, దర్గాలు కలిపి నూటికి పైగా కట్టడాలను తాకకుండా స్తంభాల స్థానాలు సర్దుతామని మెట్రో అధికారులు చెప్పారు. ఆ మాట నిలబెట్టుకోవడం డిజైను కాగితం మీద సులువు. స్తంభం అషుర్‌ఖానాను తప్పించుకున్నా, ఆ స్తంభం గుంత తవ్వే రిగ్గు అషుర్‌ఖానా గోడ పక్కనే నిలబడాలి, దాని క్రేను బాహువు తిరగాలి, దాన్ని తెచ్చిన ట్రైలర్ మళ్లీ వెనక్కి మళ్లాలి. కట్టడాల రక్షణ ప్రణాళికలో స్తంభం కొలతలతో పాటు యంత్రం తిరిగే వ్యాసార్ధం కూడా రాయాలి. అది రాసి ఉంటే సరే. లేకపోతే పాత గోడకు తగిలేది స్తంభం కాదు, ట్రైలర్ తోక.

పని అయిపోయాక యంత్రం వెనక్కి పోవాలి. వచ్చేటప్పుడు నెత్తిన ఆకాశం ఉంది. వెళ్లేటప్పుడు తాను కట్టిన వంతెనే అడ్డం ఉంటుంది. నగరంలో వంతెన కింద వదిలే ఎత్తు ఐదున్నర మీటర్లు. ట్రైలర్ మీద పడుకోబెట్టిన రిగ్గు పడుతుంది. కానీ మాస్ట్ మడవడానికి ముందు నిలువుగా ఉన్నదాన్ని వంచుకోవడానికి జాగా చూసుకోవాలి, క్రేను బూమ్‌ను విప్పి దించుకోవడానికి ఇంకో క్రేను కావాలి, దానికి నిలబడే చోటు కావాలి. పై శ్లాబు పడక ముందే ఏ యంత్రం ఎటు నుంచి బయటికి పోవాలో రాసుకోని కాంట్రాక్టర్ తర్వాత చాలా ఖర్చు పెట్టుకుంటాడు.

వచ్చినప్పటి అనుమతి పోయేటప్పుడు చెల్లదు. తేదీలు, దారి మారతాయి కాబట్టి మళ్లీ దరఖాస్తు, మళ్లీ సర్వే, మళ్లీ ఎల్సీలు. ఆ రిగ్గుకు తర్వాతి పని సికింద్రాబాద్‌లో, ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు వేస్తున్న ఎలివేటెడ్ కారిడార్ దగ్గర పడిందనుకోండి. చార్మినార్ నుంచి ప్యారడైజ్ పది కిలోమీటర్లకు అటూఇటూ. సిటీ బస్సు గంటలో పోతుంది. రిగ్గు మాత్రం వచ్చిన దారినే చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ మీదుగా తుక్కుగూడకు వెనక్కి పోయి, ఔటర్ ఎక్కి, 158 కిలోమీటర్ల ఆ వలయంలో మూడో వంతుకు పైగా చుట్టి, శామీర్‌పేట దగ్గర దిగి, ఉత్తరం నుంచి నగరంలోకి వస్తుంది.